అందరూ మంచుకొండ ఎక్కితే బాబుతో కింద ఎవరుంటారు?

మియాపూర్ నుంచి ఒక పాఠకురాలు మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. ఆవిడకు 33 ఏళ్లు, ఇంటి నుంచే ఉద్యోగం. పాపకు ఐదేళ్లు, బాబుకు ఇరవై నెలలు. మే రెండో వారంలో కుటుంబమంతా యూరప్ వెళ్లాలని వాళ్ల బావగారు ఒక గ్రూప్ టూర్ మాట్లాడారు. తొమ్మిది రోజుల్లో పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ. స్విట్జర్లాండ్‌లో మూడు రాత్రులు, అందులో ఒక రోజు టిట్లిస్ కొండ, మర్నాడే ఇంకో మంచుకొండ యుంగ్‌ఫ్రౌ. బావగారు, తోడికోడలు, పదిహేనేళ్ల వాళ్లబ్బాయి, పన్నెండేళ్ల వాళ్లమ్మాయి, అత్తగారు, వీళ్లు నలుగురు కలిపి మొత్తం తొమ్మిది మంది. అడ్వాన్స్ కట్టేశారు. మూడు వారాల్లో ఇంకో వాయిదా కట్టాలి, వీసా కాగితాలు ఇవ్వాలి.

"నాకు వెళ్లాలని లేదు. ఆ మాట అంటే అందరి సరదా చెడగొట్టినదాన్ని అవుతాను. బాబుకి ఈ చలికాలంలో రెండుసార్లు పిల్లికూతలు వచ్చి నెబ్యులైజర్ పెట్టించాం. అంత ఎత్తుకి తీసుకెళ్తే ఊపిరాడదేమోనని భయం. మావారేమో నువ్వు ప్రతిదానికీ భయపడతావు అంటారు. మే నెలాఖరుకి బాబుకి రెండేళ్లు నిండుతాయి, ఈలోగా వెళ్తే వాడికి విమానం టికెట్ పదో వంతే పడుతుందని ఆయన లెక్క. అత్తయ్యగారు 'నేనున్నాగా, పిల్లల్ని నేను చూసుకుంటా' అంటున్నారు. ఆవిడకి 66. బీపీ, మోకాళ్ల నొప్పులు" అని రాశారు.

రెండేళ్ల కిందటి మనాలీ ప్రయాణం గురించి కూడా రాశారు. ఢిల్లీ నుంచి బస్సులో వెళ్తుంటే కులు దాటే లోపు మలుపుల్లో పాపకు నాలుగుసార్లు వాంతులయ్యాయి. తెల్లారేసరికి జ్వరం. ఆ రోజు అందరూ పైనున్న రోహ్తంగ్ కనుమకు వెళ్లారు. ఈవిడ హోటల్ గదిలో పాప నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూర్చున్నారు. కిటికీలోంచి మంచుకొండ కనబడుతూనే ఉందట. సాయంత్రం ఆయన వాటర్ బాటిల్‌లో మంచు నింపుకుని "నీకోసమే" అంటూ తెచ్చారు. అప్పటికది కరిగి నీళ్లయిపోయింది. "ఆ బాటిల్ చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఎందుకేడుస్తున్నానో ఆయనకి అర్థం కాలేదు. నేనూ చెప్పలేదు."

చివర్లో రెండు ప్రశ్నలు వేశారు. ఇంత చిన్నపిల్లల్ని అంత ఎత్తుకు తీసుకెళ్లడం సురక్షితమేనా? మావారికి ఎలా నచ్చజెప్పాలి?

*

మీ ప్రశ్నలు రెండు వాక్యాల్లో అయిపోయాయి. మూడు పేజీల్లో సగానికి పైగా మనాలీయే ఉంది. అందుకని అక్కడికి తప్పకుండా వస్తాను. ముందు ఎత్తు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది తేలకపోతే మిగతాదేదీ మీకు మాట్లాడబుద్ధి కాదు.

మనాలీలో పాపకు వచ్చింది ఎత్తు వల్ల వచ్చిన జబ్బు అని మీ మనసులో పడిపోయినట్టుంది. అలా అనిపించడం లేదు నాకు. మనాలీ ఎత్తు సుమారు 2,050 మీటర్లు. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వాంతులు మామూలుగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతాయి. అదీ వెంటనే కాదు, పైకి చేరిన కొన్ని గంటల తర్వాత. మీ పాపకు కొండ ఎక్కకముందే, బస్సు మలుపుల్లోనే వాంతులయ్యాయి. అది ఘాట్ రోడ్డులో మన పిల్లల్లో సగం మందికి అయ్యేదే. జ్వరం ఎత్తు వల్ల రాదు, అది ఏదో ఇన్ఫెక్షన్ అయి ఉంటుంది. కాబట్టి "మా పిల్లలకు కొండలు పడవు" అన్న నిర్ణయానికి మనాలీ సాక్ష్యం కాదు.

యుంగ్‌ఫ్రౌ సంగతి వేరే. రైలు ఆగే చోటు, యుంగ్‌ఫ్రౌయోఖ్, 3,454 మీటర్ల ఎత్తులో ఉంది. రోహ్తంగ్ కన్నా తక్కువే. కానీ రోహ్తంగ్‌కు వెళ్లేవాళ్లు అంతకుముందు రాత్రి మనాలీలో పడుకుంటారు. ఇక్కడ కొండ కిందున్న గ్రిండెల్‌వాల్డ్ టెర్మినల్ దగ్గర కేబుల్ కారు ఎక్కితే పావుగంటలో 2,320 మీటర్ల దగ్గర దింపుతుంది, అక్కడి నుంచి కొండను తొలిచి 1912లో పూర్తిచేసిన సొరంగంలో రైలు. మొత్తం ముప్పావు గంటలో పైన ఉంటారు. ఒంటికి సర్దుకునే టైమ్ ఉండదు. అంత ఎత్తులో గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు, గాలి ఒత్తిడి తగ్గుతుంది. దాంతో ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ హైదరాబాద్‌లో కన్నా బాగా తగ్గిపోతుంది, సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే ఉంటుంది. టిట్లిస్ స్టేషన్ 3,020 మీటర్లు, అదీ ఎంగెల్‌బర్గ్ లోయ నుంచి కేబుల్ కార్లలో చకచకా ఎక్కేదే. రెండు కొండలూ వరసగా రెండు రోజుల్లో పెట్టారు మీ టూర్ వాళ్లు.

ఆరోగ్యంగా ఉన్న పిల్లలు రెండు మూడు గంటలుండి దిగిపోతే చాలామందికి ఏమీ కాదు. ఏటా ఎంతోమంది పిల్లలు వెళ్లొస్తూనే ఉన్నారు. చిక్కు ఎక్కడంటే, ఇరవై నెలల పిల్లాడు తలనొప్పి అని చెప్పలేడు. ఊరికే ఏడుస్తాడు, పాలు వద్దంటాడు, వాంతి చేసుకుంటాడు, లేదా మెత్తబడిపోయి భుజం మీద వాలిపోతాడు. అలిసిపోయిన పిల్లాడూ సరిగ్గా ఇదే చేస్తాడు. పైన ఉన్నప్పుడు రెంటికీ తేడా కనిపెట్టే పని పెట్టుకోకూడదు. ఎత్తు వల్లే అనుకుని వెంటనే కిందికి దిగిపోవాలి. దిగడమే మందు.

మీ బాబుకు పిల్లికూతలు వచ్చాయి కాబట్టి పిల్లల డాక్టర్‌ని కలవకుండా ఏ నిర్ణయమూ వద్దు. "విదేశం వెళ్లొచ్చా" అని కాకుండా అంకెలతో అడగండి. 3,454 మీటర్ల దగ్గర మూడు గంటలు, అంతకుముందు రోజు 3,020 మీటర్లు అని చెప్పండి. బయల్దేరే ముందు రెండు మూడు వారాల్లో మళ్లీ ఆయాసం వస్తే ఏం చెయ్యాలో, ఇన్‌హేలర్, దానికి తగిలించే స్పేసర్ గొట్టం వెంట ఉండాలా అన్నది రాయించుకోండి. గుండెలో రంధ్రం, పుట్టుకతో వచ్చిన ఊపిరితిత్తుల సమస్య లాంటివేమైనా ఉంటే అది మొదటే చెప్పాలి. జలుబు, చెవి నొప్పి ఉన్నా పైకి తీసుకెళ్లకండి. మా అబ్బాయిని చిన్నప్పుడు జలుబుతోనే తిరుమల తీసుకెళ్లాను. ఎక్కేటప్పుడు బాగానే ఉన్నాడు. దిగేటప్పుడు రెండు చెవులూ పట్టుకుని వాడు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. దిగేటప్పుడు ఏదో ఒకటి మింగిస్తూ ఉండాలని అప్పుడు తెలిసింది. పాలో నీళ్లో గుక్కగుక్కగా పట్టించడమే. అత్తయ్యగారి బీపీ గురించి కూడా అదే వారంలో ఆవిడ డాక్టర్‌ని ఇవే అంకెలతో అడగండి. ఆవిడ సంగతి ఎవరూ అడిగినట్టు ఉత్తరంలో లేదు.

ఇప్పుడు డాక్టర్ వద్దన్నారనుకోండి, గొడవే లేదు. సరే వెళ్లండి అన్నారనుకోండి. అప్పుడు మీ దగ్గర ఏం మిగులుతుంది?

ఇక్కడే నేను మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. మన ఇళ్లల్లో "పిల్లాడికి పడదు" అంటే అందరూ ఆగుతారు. "నేను అలిసిపోతాను, నాకు చేతకాదు" అంటే ఎవరూ ఆగరు, అదొక కారణం కిందే లెక్కవేయరు. అందుకే మీరు బాబు ఊపిరిని అడ్డం పెట్టుకున్నారు. తప్పు పట్టడం లేదు, భయం నిజమైనదే. కానీ దాని వెనక ఇంకోటి ఉంది. రేపు డాక్టర్ "ఏం పర్లేదమ్మా" అన్న మరుక్షణం ఆ అడ్డం పడిపోతుంది, మీరు నోరు మూసుకుని సూట్‌కేసు సర్దుతారు. తొమ్మిది రోజులూ పదకొండు కేజీల బాబును ఎత్తుకుని, పాప వేలు పట్టుకుని, ఎక్కడికక్కడ వెనకబడిపోతూ, మనాలీని తొమ్మిది రోజులు అనుభవిస్తారు. మీకు వెళ్లాలని లేకపోవడానికి అసలు కారణం ఇదే అనిపిస్తోంది నాకు. కాకపోతే నన్ను క్షమించండి.

ఆ బాటిల్ గురించి చాలాసేపు ఆలోచించాను. మీవారు చెడ్డవారు కాదు. చెడ్డవారైతే గడ్డకట్టే చలిలో చేతులతో మంచు తవ్వి బాటిల్‌లోకి కూరరు. మీరు చూడలేదే అని ఆయనకు గుర్తుంది. తనకు తోచింది చేశారు. ఆయనకు తోచనిది ఒకటే, పొద్దున ఆయన వెళ్లొచ్చి మధ్యాహ్నం పాప దగ్గర కూర్చుంటే, లేదా మర్నాడు మిమ్మల్ని పంపిస్తే, బాటిల్‌తో పనే లేదని. తోచకపోవడానికి కారణం, జ్వరం వచ్చిన పాప దగ్గర ఎవరుండాలన్న ప్రశ్న ఆ ఉదయం ఎవరూ అడగలేదు. మీరూ అడగలేదు. అడక్కుండానే జవాబు అందరికీ తెలిసిపోయింది.

ఈ టూర్‌లోనూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తొమ్మిది మంది ఏ రోజు ఎక్కడుంటారో ప్యాకేజీ కాగితంలో గంటలతో సహా ఉంటుంది. పైన బాబు ఏడుపందుకుంటే వాడితో దిగిపోయేదెవరు అన్నది ఎక్కడా ఉండదు. టూర్ మేనేజర్ మిగతా బృందాన్ని వదిలి రాలేరు. తోడికోడలు తన పిల్లల ఫొటోల్లో ఉంటారు. సొరంగం రైలు ఎక్కి ఒంటరిగా దిగిపోయేది మీరే.

అత్తయ్యగారి మాట కూడా వినండి. "నేనున్నాగా" అనడంలో ప్రేమ తప్ప ఏమీ లేదు. కానీ మోకాళ్ల నొప్పులతో ఆవిడ బాబును ఎత్తుకుని మెట్లు దిగలేరు. ఇంకోటి, ఆవిడ ఎప్పుడైనా మంచు చూశారా? ఆవిడను కిందే పిల్లలతో కూర్చోబెడితే ఇంకో బాటిల్ నింపుకురావాలి. ఆవిడకు ఏం చూడాలనుందో ఒకసారి విడిగా అడగండి. బహుశా ఇప్పటిదాకా ఎవరూ అడిగి ఉండరు.

సరే, మీ ముందు ఏ దారులున్నాయో చూద్దాం.

మొదటిది ఇదే టూర్‌లో వెళ్లడం. దీనికి లాభాలున్నాయి. అడ్వాన్స్ పోదు, బావగారి మాట నిలబడుతుంది, భోజనం బెంగ ఉండదు, పాపకు అన్నయ్య, అక్క తోడుంటారు. కష్టం వేగంతో వస్తుంది. గ్రూప్ బస్సు మీ బాబు కోసం ఆగదు. అది ఎవరి కఠినత్వమూ కాదు. యూరప్‌లో బస్సు డ్రైవర్లు నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావు గంట విశ్రాంతి తీసుకోవాలి, రోజుకు ఇన్ని గంటలకు మించి నడపకూడదు అని చట్టం, బండిలో మిషన్ అది రాసిపెడుతుంది. అందుకే టూర్ మేనేజర్ పొద్దున ఏడింటికే లాబీలో ఉండమంటారు. డైపర్ మార్చాలి, పాప పాలు తాగలేదు అంటే నలభై మంది మిమ్మల్నే చూస్తూ కూర్చుంటారు. విమానంలో కూడా బాబుకు సీటు ఉండదు. ఆ వయసు పిల్లలు తొట్టిలో పట్టరు, బరువూ దాటిపోతారు. హైదరాబాద్ నుంచి జ్యూరిక్‌కు, పారిస్‌కు నేరుగా విమానం లేదు కాబట్టి మధ్యలో దిగి ఎక్కే టైమ్‌తో కలిపి దాదాపు అర్ధరోజు వాడు ఒడిలోనే. ఎవరి ఒడిలో? మీవారు టికెట్ మీద మిగుల్చుతున్నది ఈ ఒడి ఖరీదే. ఈ దారిలో వెళ్తే డబ్బు కట్టక ముందే రెండు మాటలు తేల్చుకోండి. రెండు కొండల్లో ఒకటి మీరు, పిల్లలు మానేసి ఆ రోజు హోటల్ ఊళ్లోనే ఉండొచ్చా అని టూర్ వాళ్లను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. రెండో కొండ రోజు బాబుతో దిగేది మీవారే అని ఇంట్లో అనుకోండి. విమానంలో గంటలు పంచుకోండి. ఇవి ఒప్పుకుంటే ఈ టూర్ కష్టమైనా భరించగలిగేదే. ఒప్పుకోకపోతే ఇందులో వెళ్లకండి.

రెండోది, అదే నెలలో, అదే దేశానికి, గ్రూప్‌తో కాకుండా వెళ్లడం. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ ఇంట్లో ఇది ఎవరి ఆలోచనలోకీ వచ్చినట్టు లేదు. మూడు దేశాలు వదిలేసి ఒకే లోయలో వారం రోజులు. లౌటర్‌బ్రునెన్ అని ఇంటర్‌లాకెన్ పక్కన ఊరుంది, ఎత్తు ఎనిమిది వందల మీటర్లే. రెండు వైపులా నిలువు కొండలు, ఊరి పక్కనే 297 మీటర్ల ఎత్తు నుంచి స్టౌబ్‌బాఖ్ జలపాతం పడుతుంది. మే నెలలో పైన మంచు కరుగుతుంటుంది కాబట్టి నీళ్లు నిండుగా ఉంటాయి. కొండ మీద వెంగెన్ అనే ఊరు, 1,274 మీటర్లు, కార్లే లేవు, రైలెక్కి పోవడమే. పిల్లల్ని వీధిలో వదిలేసినా బండి వస్తుందన్న భయం తక్కువ. ఇలాంటి ఊళ్లల్లో వంటగదితో ఉన్న ఫ్లాట్లు వారానికి అద్దెకు ఇస్తారు. పొద్దున లేచి పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టుకుని బాబు నిద్ర లేచాకే బయల్దేరొచ్చు. కోప్, మిగ్రో అని సూపర్ మార్కెట్లు ఉంటాయి, బియ్యం, పెరుగు, పాలు, కూరగాయలకు లోటు లేదు. ఆవకాయ, కందిపొడి తీసుకెళ్లండి. నెయ్యి, కోవా మాత్రం వద్దు, మన దేశం నుంచి పాలతో చేసిన పదార్థాలు తీసుకురానివ్వరు. మన రైస్ కుక్కర్ ప్లగ్ అక్కడి సాకెట్లో పట్టదు, అడాప్టర్ మర్చిపోకండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. లోయలో ఉంటే కొండను ముక్కలు చేసుకోవచ్చు. లౌటర్‌బ్రునెన్ నుంచి వెంగెన్ మీదుగా రైలు క్లైన షైడెగ్ దాకా వెళ్తుంది. అది 2,061 మీటర్లు, అంటే మనాలీ ఎత్తే. ఎదురుగా ఐగర్ కొండ గోడలా నిలబడి ఉంటుంది. మే మొదట్లో చాలాసార్లు అక్కడ ఇంకా మంచు మిగిలే ఉంటుంది. బాబు, పాప, అత్తయ్యగారు అక్కడి దాకా రావచ్చు, వాళ్ల డాక్టర్లు సరేనంటే పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. ఆవిడ మంచు ముట్టుకోవడానికి 3,454 మీటర్లు ఎక్కనక్కర్లేదు. పైకి వెళ్లాలనుకున్నవాళ్లు అక్కడే ఇంకో రైలెక్కి వెళ్తారు. మీరు పిల్లలతో ఆగుతారు. రెండు రోజుల తర్వాత మీవారు పిల్లలతో ఆగుతారు, మీరు ఒక్కరే, లేదా మీ తోడికోడలి అమ్మాయిని తీసుకుని, పైకి వెళ్తారు. ఇద్దరూ ఒకే రోజు వెళ్లినా, వేర్వేరు రోజుల్లో వెళ్లినా పై దాకా పెద్దవాళ్ల టికెట్లు రెండే. పిల్లలతో ఆగేవాళ్లకు ఆ రోజు క్లైన షైడెగ్ దాకా అయ్యే టికెట్ ఒక్కటే ఎక్కువ. గ్రూప్ టూర్‌లో యుంగ్‌ఫ్రౌకి ఒకటే రోజు, అందుకే అక్కడ ఈ వంతులు కుదరవు. పైగా కొండ మీది కెమెరాలను ఫోన్‌లో చూడొచ్చు, మబ్బు పట్టి ఉంటే ఆ రోజు మానేసి ఇంకో రోజు వెళ్లొచ్చు. గ్రూప్‌లో మబ్బు పట్టినా అదే రోజు.

లెక్కలు కూడా చెప్పాలి, మీవారు అడుగుతారు కాబట్టి. స్విస్ ట్రావెల్ పాస్ అని ఉంది, దేశమంతా రైళ్లు, బస్సులు, పడవలు తిరగొచ్చు. ఆరేళ్లలోపు పిల్లలకు అక్కడ రైలు టికెట్ లేదు. ఆరు నుంచి పదిహేనేళ్ల దాకా ఫ్యామిలీ కార్డు ఉంటే అమ్మానాన్నలతో ఉచితం, అంటే బావగారి పిల్లలకు కూడా, అబ్బాయికి ఈలోగా పదహారు నిండకపోతే. యుంగ్‌ఫ్రౌ పైకి మాత్రం ఆ పాస్‌తో రాయితీయే, పూర్తిగా రాదు. లుసెర్న్ దగ్గర రీగి అనే కొండకు పూర్తిగా వస్తుంది. ఎత్తు దాదాపు 1,800 మీటర్లు, 1871లో యూరప్‌లోనే మొదటి పళ్ల చక్రాల కొండ రైలు అక్కడే నడిచింది. సరస్సు మీద పడవలో విట్స్‌నౌ దాకా వెళ్లి ఆ రైలెక్కడమంటే పాపకు అదే పండగ.

ఈ దారిలో నష్టాలూ ఉన్నాయి. అడ్వాన్స్‌లో ఎంత వెనక్కొస్తుందో చూడాలి. పారిస్, వెనిస్ ఉండవు, పదిహేనేళ్ల అబ్బాయి మొహం ముడుచుకుంటాడు. రైళ్లు మారడం, సామాను మొయ్యడం, వంట, అన్నీ మీ చేతుల్లోనే ఉంటాయి. వంట అంతా మీరూ తోడికోడలూ చేసేటట్టయితే ఇల్లు మారింది తప్ప ఏమీ మారలేదు, కాబట్టి దానికీ వంతులు వేయాలి. మే నెలకు ఇంకో లోపం ఉంది. పైన నడక దారులు, కొండల మీది ఆట స్థలాలు, కొన్ని కేబుల్ కార్లు మంచు వల్లో రిపేర్ల వల్లో చాలావరకు జూన్ దాకా తెరవరు. మీ పాపకు ఎక్కువ నచ్చేవి అవే. జూన్‌కి జరిపితే బాబుకు రెండేళ్లు దాటి సీటు టికెట్ కొనాలి. నన్నడిగితే ఆ సీటు డబ్బు దండగ కాదు. బడులు మొదలయ్యాక పాపకు వారం పోయినా పర్లేదు. పదిహేనేళ్ల అబ్బాయి పై క్లాసుకు మాత్రం కష్టం. వాళ్లు మేలో గ్రూప్‌తో, మీరు జూన్‌లో విడిగా అన్నది కూడా ఒక మాట. అప్పుడు అత్తయ్యగారు ఎవరితో వస్తారో ఆవిడే చెప్పాలి.

ఒక జాగ్రత్త. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చెయ్యాలి. కాగితాలు ఇచ్చేశాక ప్లాన్ మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది. మార్చాలనుకుంటే ఈ మూడు వారాల్లోనే. ఇన్సూరెన్స్ ముప్పై వేల యూరోలకు తప్పనిసరి, బాబుకు పిల్లికూతలు వచ్చిన సంగతి దాచకుండా రాయించండి, లేకపోతే అవసరమైనప్పుడు ఇవ్వరు.

మూడోది వాయిదా. బాబుకు నాలుగు, ఐదు వచ్చేదాకా. అప్పటికి వాడు తలనొప్పి అని చెప్పగలడు, నడుస్తాడు, చూసింది కొంచెమైనా గుర్తుపెట్టుకుంటాడు. కానీ అత్తయ్యగారికి 69 వస్తాయి, మోకాళ్లు ఇంకా అరుగుతాయి. బావగారబ్బాయి కాలేజీకి పోతాడు. ఈ తొమ్మిది మంది మళ్లీ కలిసి బయల్దేరడం జరగకపోవచ్చు. "నీవల్లే ఆగింది" అన్న మాట చాలా ఏళ్లు ఇంట్లో తిరుగుతుంది, న్యాయమైనా కాకపోయినా. అది భరించగలరో లేదో మీకే తెలుసు.

మీరు, పిల్లలు ఇంట్లో ఉండి మిగతా వాళ్లను పంపడం అన్నది కూడా మీ ఉత్తరంలో ఒక మూల ఉంది. అందరికన్నా తేలికైన దారి అదే. మీకు నిజంగా తొమ్మిది రోజులు ప్రశాంతంగా అమ్మ దగ్గర ఉండాలని ఉంటే, వాళ్లు వచ్చాక ఫొటోలు చూసి మీకు ఏమీ అనిపించదంటే, వెళ్లనివ్వండి. ఏడుపొచ్చేటట్టయితే మాత్రం వద్దు.

ఇక ఆయనతో మాట్లాడటం. బావగారు, అత్తయ్యగారు ఉన్నప్పుడు వద్దు, వాళ్ల ముందు ఆయన తగ్గలేరు. డాక్టర్ దగ్గర్నుంచి వచ్చిన రోజు రాత్రి, పిల్లలు పడుకున్నాక. నువ్వెప్పుడూ ఇంతే అని మొదలుపెట్టకండి. బాటిల్‌తో మొదలుపెట్టండి. "మనాలీలో నువ్వు మంచు తెచ్చిన రోజు నేనెందుకు ఏడ్చానో నీకిప్పటిదాకా చెప్పలేదు" అనండి. ఆయనకు ఆ రోజు గుర్తుండే ఉంటుంది, ఎందుకంటే ప్రేమగా తెచ్చింది చూసి మీరు ఏడ్చారు, అది ఆయనకూ గుచ్చుకునే ఉంటుంది. చెప్పడం అయ్యాక టూర్ కాగితం ముందు పెట్టి ఒక్కటే అడగండి. "పైన బాబు ఏడిస్తే వాణ్ణి తీసుకుని దిగేది ఎవరు?"

ఆయన వెంటనే "మీ అత్త చూసుకుంటుంది" అనొచ్చు, "అప్పుడు చూద్దాంలే" అనొచ్చు. "నేను దిగుతా" అని కూడా అనొచ్చు. ఈ మూడో మాట వస్తే మొదటి రెండు దారుల్లో ఏదైనా ఫర్వాలేదు, తేదీతో సహా ఆ కాగితం మీదే రాసిపెట్టుకోండి. "అప్పుడు చూద్దాంలే" అంటే, ఆయన మనసులో అప్పుడు చూసేది మీరే. ఆ మాట నవ్వుతూనే ఆయనతో అనండి, జవాబు వచ్చేదాకా వాయిదా డబ్బు కట్టనివ్వకండి.

డాక్టర్ ఏమన్నారో, అత్తయ్యగారు ఏం చూడాలన్నారో వీలైతే రాయండి. ఆవిడ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.